ఫోన్‌తో పాటే వచ్చిన యాప్‌లు: ఆపేయవచ్చా, వదిలేయాలా?

రాజమండ్రి_అబ్బాయి
అమ్మ ఫోన్ 32 జీబీది, కొని మూడేళ్ళయింది. వారం నుంచి స్టోరేజ్ నిండిందని చూపిస్తోంది, వాట్సాప్‌లో మనవరాలి ఫోటోలు కూడా దిగడం లేదు. చూస్తే అమ్మ ఒక్కసారైనా తెరవని యాప్‌లు పదిహేను దాకా ఉన్నాయి: ఇంకో బ్రౌజరు, గేమ్‌లు, థీమ్‌లు, కంపెనీ సొంత యాప్ స్టోరు. కొన్నిటికి అన్‌ఇన్‌స్టాల్ ఉంది, కొన్నిటికి డిజేబుల్ మాత్రమే, కొన్నిటికి అదీ లేదు. డిజేబుల్ చేస్తే ఫోన్‌కి ఏమైనా అవుతుందా? అమ్మ ఒక్కతే ఉంటుంది, ఫోన్ ఆగిందంటే నాకు టెన్షన్. చేసి చూసినవాళ్ళు చెప్పండి.

రిపేరు_బల్ల
భయపడకండి. డిజేబుల్ అంటే తీసేయడం కాదు, నిద్రపుచ్చడం. ఐకాన్ కనబడదు, యాప్ నడవదు, నోటిఫికేషన్లు రావు. కావాలంటే అదే చోట ఎనేబుల్ నొక్కితే మళ్ళీ వస్తుంది.

జాగా సంగతి సరిగ్గా తెలుసుకోండి. ఫోన్‌తో వచ్చిన అసలు కాపీ సిస్టమ్ భాగంలో ఉంటుంది, ఆ చోటు మనకు తిరిగి రాదు. మూడేళ్ళుగా దానిమీద పేరుకున్న అప్‌డేట్లు, డేటా మాత్రం మన స్టోరేజ్‌లోవే. సెట్టింగ్స్‌లో ఆ యాప్ తెరిచి, ముందు అప్‌డేట్లు తీసేయండి, డేటా క్లియర్ చేయండి, ఆ తర్వాత డిజేబుల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ ఉన్నవాటిని నేరుగా తీసేయండి.

కొత్తపేట_టీచర్
పేరు చూసి పనికిరాదనుకోవద్దు. నేను ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’ని ఆపేశాను, ఎప్పుడూ వాడలేదు కదా అని. మర్నాడు బ్యాంకు యాప్ తెరవగానే మూసుకుపోయింది. కారణం తెలియక రెండు రోజులు తిప్పలు పడ్డాను. యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది అదేనట. ఎనేబుల్ చేయగానే అంతా సర్దుకుంది. చాలా యాప్‌లు ఆధారపడే గూగుల్ ప్లే సర్వీసెస్ జోలికీ వెళ్ళకండి. కీబోర్డు మార్చాలంటే ముందు ఇంకోటి పెట్టుకుని, అది పనిచేస్తోందో లేదో చూసుకోండి.

ఉప్పాడ_తీరం
డిజేబుల్ బటన్ లేనివాటిని, ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి, అక్కడినుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే ఏడీబీ అనే టూల్‌తో తీసేస్తారు. తీసేయదగ్గ యాప్‌లంటూ నెట్‌లో ఎవరో పెట్టిన లిస్టు మొత్తం నాన్న ఫోన్‌లో అలాగే నడిపించాను. ఆయన సముద్రంలో చేపల వేటకు వెళ్ళే మనిషి. 2023లో ప్రభుత్వం ఎమర్జెన్సీ అలర్ట్ పరీక్షలు జరిపినప్పుడు ఇంట్లో మిగతా ఫోన్లన్నీ గట్టిగా మోగాయి, నాన్నది మోగలేదు. ఆ లిస్టులో సెల్ బ్రాడ్‌కాస్ట్ యాప్ కూడా ఉంది. తుపాను వేళ ఆ అలర్ట్ వచ్చేది దాని ద్వారానే. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఏడీబీతో తీసినా అసలు కాపీ లోపలే ఉంటుంది కాబట్టి, ‘ఇన్‌స్టాల్-ఎగ్జిస్టింగ్’ కమాండ్‌తో ఆ రోజే వెనక్కి తెచ్చాను. దయచేసి ఎవరి లిస్టూ గుడ్డిగా నడపకండి.

నల్గొండ_వినియోగదారుడు
అసలు ఈ తిప్పలు మనకెందుకండీ? డబ్బు పెట్టి కొన్న ఫోన్‌లో ఏ యాప్ ఉండాలో మనమే చెప్పాలి. 2022 అక్టోబరులో, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసిన కారణాల్లో, ఫోన్ కంపెనీలు దాని యాప్‌లన్నిటినీ కట్టగట్టి ఇవ్వాల్సి రావడం ఒకటి. 2023 జనవరిలో, ఏ యాప్ కావాలంటే ఆ యాప్ విడిగా తీసుకోవచ్చని గూగుల్ ఇక్కడి కంపెనీలకు చెప్పింది. కానీ ఫోన్ కంపెనీలు తామే నింపే గేమ్‌లు, వార్తల యాప్‌ల సంగతో?

రిపేరు_బల్ల
నిజమే. మా దగ్గరికొచ్చే తక్కువ ధర ఫోన్లలోనే ఆ చెత్త ఎక్కువ. జాగా తక్కువ ఉన్నవాళ్ళకే ఆ బరువు, అదే బాధ.

రాజమండ్రి_అబ్బాయి
అందరికీ థాంక్స్. ఆదివారం అమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూపించి, అడిగి చేశాను. ఆరు గేమ్‌లు అన్‌ఇన్‌స్టాల్, ఐదు యాప్‌లు డిజేబుల్. రెండు జీబీ పైనే ఖాళీ అయింది. రేడియో యాప్ కూడా తీసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది, పొద్దున్నే భక్తిగీతాలు అందులోనే వింటుందట. నాకిన్నాళ్ళూ తెలియదు. ఆపినవాటి పేర్లు గోడ క్యాలెండరు వెనక రాసిపెట్టాను, ఏదైనా తేడా వస్తే తమ్ముడు చూసి ఎనేబుల్ చేస్తాడు.

కంపెనీ యాప్ స్టోరుకి డిజేబుల్ లేదు, ప్రస్తుతానికి నోటిఫికేషన్లు మాత్రం ఆపాను. దాన్ని ఏడీబీతో తీసినవాళ్ళుంటే, ఆ తర్వాత సిస్టమ్ అప్‌డేట్లు మామూలుగా వచ్చాయో లేదో చెప్పండి. అది తెలిశాకే ముట్టుకుంటాను.