ఆర్ ప్రోగ్రామింగ్‌లో 16 ఇఫ్‌ఎల్స్‌లు ఒకదాంట్లో ఒకటి... వేరే దారి ఉందా?

బ్రాడీపేట_కుర్రాడు:
అన్నలూ ఒక డౌట్. మా బాబాయికి గుంటూరు యార్డులో మిర్చి కమీషన్ కొట్టు ఉంది, పోయిన సీజన్ లాట్ల లెక్కంతా ఆర్‌లో చేస్తున్నా. గుమస్తా గారు రకం కాలమ్‌లో టి, బి, 334, తా అని పొట్టి కోడ్‌లే కొట్టారు, టి అంటే తేజ, తా అంటే తాలు, అలా 16 ఉన్నాయి. పూర్తి పేర్లు రావాలని ఇఫ్‌ఎల్స్‌లో (ఇలా ఉంటే ఇది, లేకపోతే అది అని ఇచ్చే ఫంక్షన్) ఇఫ్‌ఎల్స్ పెట్టుకుంటూ పోయా, చివర్లో బ్రాకెట్ ఒకటి తక్కువైతే ఎక్కడో కనపడి చావట్లేదు. స్విచ్ ఫంక్షన్ పెడితే లెంగ్త్ 1 ఉండాలని ఎర్రర్. ఇంకా తేమ శాతాన్ని బట్టి మూడు గ్రేడ్లు చేయాలి, బిల్లు తేదీ లేని లాట్లకి సరుకు వచ్చిన తేదీ వేయాలి. దేనికి ఏది వాడాలి?

కృష్ణలంక_కోడర్:
తమ్ముడూ, స్విచ్ ఒక్క విలువే తీసుకుంటుంది, నువ్వు కాలమ్ మొత్తం దాని నోట్లో కుక్కావు. ఉత్త ఇఫ్ కూడా అంతే, ఇదివరకు మొదటి విలువ చూసి వార్నింగ్‌తో సరిపెట్టేది, ఆర్ 4.2.0 వెర్షన్ నుంచి ఎర్రరే, అదే నయం. అయినా రకాల పేర్లకి కండిషన్ ఎందుకు? టి కి తేజ, తా కి తాలు అని పేర్లున్న వెక్టర్ (విలువల వరస) ఒకటి చేసుకుని నీ కోడ్ కాలమ్‌ని దాని స్క్వేర్ బ్రాకెట్లో పెట్టు, అయిపోయింది. ఒక్కటి, ఆ కాలమ్ ఫ్యాక్టర్ (పైకి పేర్లు, లోపల నంబర్లు దాచుకునే రకం) అయ్యుంటే పేరుతో కాకుండా లోపలి నంబర్‌తో వెతుకుతుంది, తేజ కాస్తా బాడిగ రకం అయి కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాదు. ముందు క్యారెక్టర్‌గా మార్చు. 4.0.0 కంటే పాత వెర్షన్ అయితే సిఎస్‌వి చదివేటప్పుడే ఫ్యాక్టర్ చేసేస్తుంది.

సత్యనారాయణపురం:
తేమకి కట్ ఫంక్షన్ వాడు. 0, 10, 12, 100 అని హద్దులిస్తే చాలు. మామూలుగా కుడి అంచు లోపల, ఎడమ అంచు బయట, అంటే సరిగ్గా 12 ఉన్న లాటు మధ్య గ్రేడ్‌లో పడుతుంది, బాబాయికి ఓకేనా కనుక్కో, కాదంటే కట్‌లో రైట్ ఫాల్స్ పెట్టు, అప్పుడు ఎడమ అంచు లోపల, కుడి అంచు బయట. 0 కొట్టిన లాటు ఎన్ఏ (ఖాళీ విలువ) అవుతుంది, మిరపకాయలో తేమ 0 ఎక్కడిది, కొలవకుండా కొట్టి ఉంటారు.
తేజ అయ్యుండి తేమ 12 దాటితే, ఇలా రెండు కాలమ్‌లు కలిపి చూడాల్సొస్తే డిప్లైర్ ప్యాకేజీలో కేస్‌వెన్ వాడు. పై నుంచి మొదట కలిసిందే పట్టుకుంటుంది, 10 దాటితే అన్నది పైన రాసి 12 దాటితే కింద రాశావో, కింది లైన్‌కి ఎప్పటికీ పని పడదు.

బ్రాడీపేట_కుర్రాడు:
రకాలు వచ్చేశాయి అన్నా. తేదీలకి ఇఫ్‌ఎల్స్ ఉంచా, 10-02-2024 ఉండాల్సిన చోట 19763 అంట, ఇదేంటి??

కృష్ణలంక_కోడర్:
1970 జనవరి 1 నుంచి రోజుల లెక్క అది. ఇఫ్‌ఎల్స్ తేదీ చొక్కా విప్పేసి లోపలి నంబర్ నీ చేతిలో పెట్టింది. డిప్లైర్‌లో కోయలెస్ ఉంది, బిల్లు తేదీ ముందు, వచ్చిన తేదీ తర్వాత ఇవ్వు, మొదటిది ఖాళీ అయితే రెండోది తీసుకుంటుంది.

బ్రాడీపేట_కుర్రాడు:
తేదీలు సెట్. బాబాయిని అడిగితే 12 అంటే తేమ కాయే రా, కింది గ్రేడే వెయ్ అన్నాడు, రైట్ ఫాల్స్ పెట్టా. ఇప్పుడు 0 కొట్టిన 7 లాట్లూ ఫస్ట్ గ్రేడ్‌లోకి ఎక్కేశాయి 😭

సత్యనారాయణపురం:
ఎక్కుతాయి మరి, ఎడమ అంచు లోపలికొచ్చిందిగా. ముందు ఆ 0లని ఎన్ఏ చేసి తర్వాత కట్ చెయ్. సరిగ్గా 10 ఉన్నవి కూడా గ్రేడ్ మారుంటాయి, బిల్లులు కొట్టేలోపు అవి కూడా అడుగు.