ఎల్‌ఎల్‌బీ ఉండి కమ్యూనిటీ కాలేజీలో పారాలీగల్ చేయడం దండగేనా?

గుంటూరు కోర్టు:
అందరికీ నమస్కారం. గుంటూరులో కొన్నేళ్లు సివిల్ సైడ్ ప్రాక్టీస్ చేశాను, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ ఇంకా ఉంది. పెళ్లయ్యాక బే ఏరియా వచ్చాం, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యాభర్తలకిచ్చే వీసా) మీద ఉన్నాను, పని చేసుకోవడానికి అనుమతి కార్డు ఈఏడీ వచ్చింది. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో పారాలీగల్ (లాయర్ కింద కేసు కాగితాల పని చేసే సహాయకులు) సర్టిఫికెట్ ఉంది, సాయంత్రం క్లాసులు. చేరదామనుకుంటే మా వారి ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే మాట, టెస్టింగో డేటా ఎనలిటిక్సో నేర్చుకోమ్మా, లాయర్‌వి అయ్యుండి ఇంకో లాయర్ దగ్గర ఫైళ్లు సర్దుతావా అని. నాకు కోడింగ్ మీద మనసు లేదు. కాగితాలు చదవడం, ప్లీడింగ్స్ రాయడం ఇష్టం. చేరమనేవాళ్లూ వద్దనేవాళ్లూ ఇద్దరూ చెప్పండి.

ఫ్రీమాంట్ అన్నయ్య:
చెల్లెమ్మా, నేను వద్దనే చెప్తాను, ఏమనుకోకు. 2024 లెక్కల్లో అమెరికా మొత్తం మీద పారాలీగల్స్ మధ్యస్థ జీతం ఏడాదికి దాదాపు 61 వేల డాలర్లు. అంటే సగం మందికి అంతకన్నా తక్కువే. బే ఏరియా అద్దెలు నీకు తెలుసు. ఈ ఉద్యోగాలు రాబోయే పదేళ్లలో పెద్దగా పెరగవని కార్మిక శాఖ అంచనా కూడా ఉంది. ఇంకోటి, రేపు ఈఏడీ పోతే ఏం చేస్తావ్? పారాలీగల్ పోస్టు మీద హెచ్1బీ రావడం చాలా కష్టం, ఆ పనికి ఫలానా సబ్జెక్టులో డిగ్రీ తప్పనిసరి కాదు కాబట్టి స్పెషాల్టీ ఆక్యుపేషన్ కింద ఒప్పుకోరు. ఐటీలో అయితే కనీసం లాటరీలో పేరు పడుతుంది. పైగా డాక్యుమెంట్లు చదివే పనంతా ఇప్పుడు ఏఐ చేసేస్తోంది.

శాన్ హోసే పారాలీగల్:
అన్నయ్య గారు చెప్పిన జీతం అంకె, హెచ్1బీ సంగతి రెండూ నిజమే. కానీ ఖర్చు వైపు ఎవరూ చూడట్లేదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రాష్ట్ర నివాసులకు ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. ఇక్కడ పారాలీగల్ అని చెప్పుకోవాలంటే ఏం ఉండాలో బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ 6450వ సెక్షన్ చెప్తుంది, అందులో ఒక దారి 24 సెమిస్టర్ యూనిట్ల లా కోర్సులున్న సర్టిఫికెట్. లెక్క వేసుకోండి, పుస్తకాలు, చిన్న ఫీజులు పక్కన పెడితే 1,104 డాలర్లు. మన కన్సల్టెన్సీల ట్రైనింగుకు ఎంతెంత కడుతున్నారో, ఆ తర్వాత లేని అనుభవం రెజ్యూమెలో ఎలా రాయిస్తారో అందరికీ తెలుసు. నా వరకు అబద్ధం రాయాల్సిన అవసరం లేని దారి ఇది. ఒక్క జాగ్రత్త, రెసిడెంట్ ఫీజు రావాలంటే రాష్ట్రంలో ఏడాది పైన ఉండాలి, లేకపోతే చాలా రెట్లు పడుతుంది, మీ వీసాకి ఏది వర్తిస్తుందో అడ్మిషన్స్ ఆఫీసులో ముందే అడగండి.

పని సంగతి కూడా చెప్తాను, ఫైళ్లు సర్దడం అనే మాట నన్ను బాధ పెడుతుంది. నేను ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో చేస్తున్నాను. మార్చిలో హెచ్1బీ రిజిస్ట్రేషన్లు మొదలైతే ఊపిరి తీసుకోవడానికి ఉండదు. ఎల్‌సీఏ, ఐ-129, పర్మ్, ఐ-140 లాంటి వీసా, గ్రీన్ కార్డు దరఖాస్తులు, ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు కావాలనే నోటీసు) వస్తే దానికి జవాబుకి సాక్ష్యాలు పోగేయడం, ఎక్స్‌పీరియన్స్ లెటర్లో తేదీ రెజ్యూమెతో కలవకపోతే పట్టుకోవడం, గడువు తేదీలు ఒక్కటీ దాటకుండా చూసుకోవడం, ఇదీ మా పని. లాయర్ సంతకం పెడతారు, కానీ ఆ కాగితం మీద తప్పుంటే ఒక కుటుంబం ఇక్కడ ఉండాలా వెళ్లాలా అన్నంత దూరం పోతుంది. ఏఐ వచ్చాక మాకు చెక్ చేసే పని పెరిగింది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన లేని కేసుల్ని కోర్టులో దాఖలు చేస్తే జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు కదా. ఆ సైటేషన్ నిజంగా ఉందా అని తెరిచి చదివే మనిషి ఇప్పుడే ఎక్కువ కావాలి.

ఆరెంజ్ కౌంటీ వకీలు:
నేను మూడో మాట చెప్తాను, ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. గుంటూరు గారూ, మీకు ఇండియాలో ఎన్‌రోల్‌మెంట్ ఉంది కదా, కాలిఫోర్నియా బార్ పరీక్ష (లాయర్ లైసెన్సు పరీక్ష) మీరు ఎల్‌ఎల్‌ఎం లేకుండా నేరుగా రాయొచ్చు. వేరే దేశంలో అడ్వకేట్‌గా ఉన్నవాళ్లకి ఈ రాష్ట్రం ఇచ్చే వెసులుబాటు అది. ఎన్‌రోల్ కాని లా గ్రాడ్యుయేట్లకే ఇక్కడ అదనపు చదువు అడుగుతారు. ఆ తలుపు తెరిచి ఉండగా పారాలీగల్ దగ్గర ఆగిపోవడం ఎందుకు? ఒకసారి సర్టిఫికెట్‌లో పడితే ఆ సౌకర్యానికి అలవాటు పడి బార్ వాయిదా వేసేవాళ్లని చాలామందిని చూశాను.

శాన్ హోసే పారాలీగల్:
వకీలు గారూ, తలుపు తెరిచి ఉందంటే సరిపోదు కదండీ. విదేశీ అడ్వకేట్ల పాస్ శాతం మిగతావాళ్ల కంటే బాగా తక్కువ, అది మీకూ తెలుసు. మన దగ్గర సీపీసీ, ఎవిడెన్స్ యాక్ట్ చదివినవాళ్లకి ఇక్కడి జ్యూరీ, డిస్కవరీ (విచారణకు ముందే ఇరుపక్షాలు ఆధారాలు ఇచ్చిపుచ్చుకోవడం), ఫెడరల్ కోర్టు, స్టేట్ కోర్టు తేడా, ఇవన్నీ కొత్త. సివిల్ ప్రొసీజర్, లీగల్ రీసెర్చ్ కోర్సులు కాలేజీలో చేస్తే జీతం వచ్చే పనికి దగ్గరవుతారు, బార్‌కి కావలసిన పునాది కూడా కొంత పడుతుంది. రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు.

6450లో ఇంకో దారి కూడా ఉంది. ఏ సబ్జెక్టులోనైనా బ్యాచిలర్ డిగ్రీ ఉండి, అర్హత ఉన్న అటార్నీ కింద ఏడాది లా పని చేసి, ఈ పనులు చేయగలరని ఆయన రాసిస్తే సర్టిఫికెట్ లేకపోయినా చాలు. కానీ ఆ మొదటి ఏడాది ఎవరిస్తారన్నదే సమస్య. కాలేజీ ఇంటర్న్‌షిప్ అక్కడే పనికొస్తుంది.

ఫ్రిస్కో కోడలు:
టెక్సస్‌లో పారాలీగల్‌కి కాలిఫోర్నియా లాంటి చట్టం లేదు, అయినా సర్టిఫికెట్ అడుగుతారు. మా దగ్గర కాలిన్ కాలేజీలో అమెరికన్ బార్ అసోసియేషన్ ఆమోదం ఉన్న కోర్సు ఉంది, నేను అందులోనే చదువుతున్నాను. ఎక్కడ చేరినా ఆ ఆమోదం కాలేజీ బ్రోచర్‌లో కాదు, ఏబీఏ వాళ్ల సొంత లిస్టులో చూసుకోండి. ఆరు వారాల్లో ఆన్‌లైన్ సర్టిఫికెట్ అని ఫేస్‌బుక్‌లో వచ్చేవాటికి డబ్బులు కట్టకండి ప్లీజ్.

ఈఏడీ విషయంలో అన్నయ్య గారి భయం నాకూ ఉంది. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టిన రెన్యూవల్స్‌కి ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేశారు, కార్డు గడువు దాటితే కొత్తది వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాల్సిందే. అయితే ఈ దెబ్బ ఐటీలో ఉన్న హెచ్4 వాళ్లకీ అంతే తగులుతుంది, పారాలీగల్‌కి ఒక్కదానికే అన్నట్టు చెప్పడం సరికాదు. చదువుకోవడానికైతే హెచ్4కి ఈఏడీ అక్కర్లేదు, ఆ ఖాళీలో యూనిట్లు పూర్తి చేసుకోవచ్చు.

శాన్ హోసే పారాలీగల్:
చేరేవాళ్లకి ఇంకొక్క మాట, నాకు దీని మీద గట్టి పట్టింపు ఉంది. మీరు లా ఆఫీసులో చేస్తున్నారని తెలియగానే వాట్సాప్ గ్రూపుల్లో, గుడిలో, పుట్టినరోజు ఫంక్షన్లో అందరూ అక్కా నా ఐ-485 గ్రీన్ కార్డు దరఖాస్తు ఇలా ఉంది ఏం చేయమంటావ్ అని అడుగుతారు. జవాబు చెప్పొద్దు. అటార్నీ పర్యవేక్షణ లేకుండా పని చేయడం, న్యాయ సలహా ఇవ్వడం, కోర్టులో క్లయింట్ తరఫున నిలబడటం, ఫీజు నిర్ణయించడం, ఇవన్నీ ఆ 6450లోనే నిషేధం. గుంటూరు గారికి ఇది ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ సలహా ఇవ్వడమే మీ వృత్తి. దయగా చెప్పిన ఒక తప్పు మాటతో స్టేటస్ పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి.

ఫ్రీమాంట్ అన్నయ్య:
1,104 డాలర్ల లెక్క నాకు తెలియదు, ఆ డబ్బుకైతే ప్రయత్నించొచ్చు. జీతం మీద నా మాట మాత్రం అదే.

గుంటూరు కోర్టు:
అందరికీ థాంక్స్. వచ్చే సెమిస్టర్‌కి లీగల్ రీసెర్చ్, సివిల్ ప్రొసీజర్ రెండే తీసుకుంటాను, అవి ఎలా ఉంటాయో చూసి మిగతా యూనిట్లు. వకీలు గారూ, బార్‌కి దరఖాస్తు చేసేటప్పుడు ఇండియా నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (అడ్వకేట్‌గా నా నమోదు సరిగ్గా ఉందనే పత్రం) కావాలి కదా, మా నాన్నగారు వచ్చే నెల బార్ కౌన్సిల్‌కి వెళ్లగలరు. ఇప్పుడే తెప్పించుకుంటే దరఖాస్తు నాటికి పాతదై పనికిరాకుండా పోతుందా, ఆగి తెప్పించమంటారా?