ఈ వారం సమస్య: "పేగు లేనివాడు పిరికివాడు"

నిర్వాహకుడు, తిరుపతి: మనవరాలికి ఇంగ్లీషు హోంవర్కు. ధైర్యం, పట్టుదల చెప్పే మాటలట: గట్స్, గ్రిట్, ప్లక్, మెటిల్. ఎదురుగా తెలుగు రాయాలి. గట్స్ పక్కన 'పేగులు' అని రాసి, కింద సొంత వాక్యం ఒకటి పెట్టింది పిల్ల. చూద్దును కదా, గురులఘువుల గణాలూ కుదిరాయి, పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరం జోడీ కట్టే యతీ కుదిరింది! దిద్దడానికి మనసొప్పక మీ మీదికి వదులుతున్నా. ఇదే చివరి పాదంగా, అర్థం కుదిరేలా ఆటవెలది పూరించండి.

పలమనేరు బావ:

"గట్సు లేవె నీకు?" గట్టిగా నడిగె సార్
తెలుగు చేసెనంట తెలివి పాప
పొట్ట తడిమి చూచి పొరుగువారికి చెప్పె
"పేగు లేనివాడు పిరికివాడు"

గణపిపాసి: నిర్వాహకుడు చెప్పిన కథనే పద్యంలో పోశావు బావా. పూరణ అనలేం, రసీదు అనొచ్చు. పొట్ట తడమడం మాత్రం నీదే, అది బాగుంది.

చిత్తూరు చిన్నోడు:

గుండె మనకు దిక్కు, గోరంత యిసుకయే
గ్రిట్టు దొరలకంట, గిర్రుమనియె
బుర్ర, మరల వారె బోధించి రివ్విధి
పేగు లేనివాడు పిరికివాడు

గణపిపాసి: 'గిర్రుమనియె' దగ్గర పాదం ఆగి, 'బుర్ర' కిందికి దిగడం భలే. తిరిగింది ఏమిటో తెలిసేలోపు మనదీ ఓ చుట్టు తిరుగుతుంది. 'దిక్కు' మాత్రం దిక్కులేక వేసిన మాట.

పలమనేరు బావ: చిన్నోడా, దొరలదీ గుండే. కరేజ్ అన్న మాటకు మూలం లాటిన్ 'కోర్', అంటే గుండె. ప్లక్ అంటే ఒకప్పుడు కోసిన జంతువు గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, అన్నీ కలిపి. ఇక పేగులంటావా, మన మటన్ కొట్టు భాషలో బోటి. నవ్వకండి, దమ్ము అంటే ఊపిరి, కలేజా అంటే కాలేయం. మనం కొన్నదీ ఆ కొట్లోనే. అమెరికావాళ్ళు ఇంకా నయం, 1880ల్లో సీసాల్లో అమ్మిన మాక్సీ అనే కూల్‌డ్రింకు పేరునే ధైర్యానికి పెట్టుకున్నారు.

నిర్వాహకుడు: మెటిల్‌కు 'చేవ' అని రాయించాను. మెటిల్, మెటల్ మొదట ఒకే మాట, స్పెల్లింగు తర్వాత విడిపోయింది. వాళ్ళది లోహం, మనది మాను నడిమి గట్టి కలప.

స్వర్ణముఖి: చిన్నోడు గారు గట్స్‌నూ గ్రిట్‌నూ ఒకే గాటన కట్టేశారు. గట్స్ ఒక్క నిమిషం పని, పై ఆఫీసరు ముఖం మీద 'కుదరదు సార్' అనేంత సేపు. గ్రిట్ అలాక్కాదు, నాలుగోసారి గ్రూప్స్ రాస్తున్న మా ఎదురింటి అబ్బాయిది. మనకు రెండు మాటలున్నాయి: తెగువ, పట్టుదల. అసలు తెలుగులో పేగు ధైర్యం కానే కాదు, పేగుబంధం. అక్కడి నుంచి పట్టాను:

మెట్టు మెట్టు నెక్కి మోకాళ్ళు పట్టిన
చంటిబిడ్డ నెత్తి జారకుండ
తల్లి యెక్కె, పేగు ధైర్యమై నిలిచెను
పేగు లేనివాడు పిరికివాడు

చిత్తూరు చిన్నోడు: అమ్మా, దండం. మూడో పాదంతో సమస్య సమస్య కాకుండా పోయింది.

గణపిపాసి: దండాలు తర్వాత. 'మె'కూ 'మో'కూ ఎక్కడి మైత్రి? యతికి అచ్చూ కలవాలి, హల్లు కలిసినంత మాత్రాన అయిపోతుందా? 'మేనెల్ల నొచ్చిన' అంటే సరి.

స్వర్ణముఖి: తిరుమల మెట్లదారిలో మోకాళ్ళ పర్వతం దగ్గర మేను నొస్తుందా సామీ? మోకాళ్ళు వదలను. అయినా నిరుడు మామిడి సమస్యలో తోతాపురిని రెండో పాదంలో కుక్కిందెవరు? రెండు గురువులు జంటగా రాకూడని సూర్యగణాల మధ్య 'తో', 'తా' పక్కపక్కన కూర్చుని మన వైపే చూస్తున్నారు, గుర్తుందా?

గణపిపాసి: అది టైపింగ్ పొరపాటు.

పలమనేరు బావ: నాలుగక్షరాల టైపింగ్ పొరపాటా! ఆ కాయనే బెంగుళూరు అంటారు కదన్నా. గురువు పక్కన లఘువు, అలా రెండు హగణాలు, చక్కగా పట్టేది. మా వైపు తోట కాపలా వాడికీ తెలుసు. సరే, ఇదిగో అక్కయ్యా, మోకాళ్ళు పోకుండా: 'మూడువేల మెట్లు మోకాళ్ళు పట్టిన'.

స్వర్ణముఖి: ఇది దెబ్బ అంటే! తీసుకుంటున్నా బావగారూ. అలిపిరి దారిలో మెట్లు 3,550. ఆ మిగతా 550 పాదంలో పట్టవు, ఎక్కినవాళ్ళు కలుపుకోండి.

గణపిపాసి: యతి కుదిరింది, ఒప్పుకుంటున్నా. కానీ 'చంటిబిడ్డ నెత్తి జారకుండ' ఏమిటి? 'ఎత్తి' అని విడదీసుకునేలోపు నా కళ్ళముందు పిల్ల తలకాయ జారింది.

స్వర్ణముఖి: తోతాపురి మింగిన గొంతుకు తలకాయ అడ్డం పడిందా సామీ?