రోల్‌ప్లే సర్వర్‌లో డీఓటీకి రూల్స్ ఎలా రాయాలి?

పసుపు_లైటు
అందరికీ నమస్తే. మేం ఆన్‌లైన్ గేమ్‌లో పోలీసు, ఫైర్, పౌరుల పాత్రలు వేసి ఆడే లిబర్టీ కౌంటీ సర్వర్‌లో రవాణా శాఖ, అదే డీఓటీ, ఈ మధ్యే నాకు అప్పగించారు. రూల్స్ పత్రం కొత్తగా రాయాలి. పాతది తీసి చూస్తే "మర్యాదగా ఉండాలి, ట్రోల్ చేయకూడదు" లాంటి మాటలే ఉన్నాయి. ట్రక్కు ఎక్కడ ఆపాలి, ఎవరు పిలిస్తే వెళ్లాలి, ఎవరి బండి టో చేయొచ్చు (ట్రక్కుకి తగిలించి లాక్కెళ్లొచ్చు) అన్నది ఒక్క ముక్క లేదు.

పోలీస్ ఛేజ్ మొదలైతే చాలు, మావాళ్లు టో ట్రక్కులు వేసుకుని వెనకే పోతున్నారు. ఒకతను పారిపోయే కారుకి అడ్డంగా ట్రక్కు పెట్టి, పోలీసులకి సాయం చేశానంటున్నాడు. ఇంకొకరు మలుపు దాటగానే దారి మూసే ట్రాఫిక్ కోన్లు పెట్టారు, వచ్చిన ప్రతి బండీ వాటి మీదికే ఎక్కింది. వారానికి ఇన్ని నిమిషాలు డ్యూటీ చేయాలని పాత కోటా ఒకటి ఉంది, అది ఉంచాలా?

నాకు ఈ పనంటే ప్రాణం. దారి సరిగ్గా మూసినప్పుడు ట్రాఫిక్ తనంతట తానే పక్క లేన్‌లోకి సర్దుకుంటుంది చూడండి, నాకు ఏ ఛేజ్‌లోనూ అంత తృప్తి లేదు. కొత్తగా చేరేవాళ్లకీ అది తెలియాలి. ఏం రాయమంటారు?

రాత్రి_షిఫ్ట్
చాలాకాలంగా డీఓటీలోనే ఆడుతున్నాను, కొత్తవాళ్లకి ట్రైనింగ్ కూడా ఇస్తాను. ప్రవర్తన గురించి నాలుగు లైన్లు చాలు బ్రదర్, పని ఎలా చేయాలో వివరంగా రాయండి. చేతిలో పని లేనివాళ్లే ఛేజ్ వెనక పడతారు.

ముందు సీన్‌కి వెళ్లే సంగతి. పోలీసో ఫైరో రేడియోలో పిలవాలి, లేదా బండి ఆగిపోయిన పౌరుడు కాల్ చేయాలి. కాల్పులు జరిగిన చోటైతే పోలీసులు సేఫ్ అనేదాకా ఒక కూడలి ఇవతలే ఆగాలి. నిందితుడికి ట్రక్కు అడ్డం పెట్టడం మాత్రం ఎప్పటికీ మన పని కాదు, పోలీసు అడిగినా సరే. ఈ ముక్క తప్పకుండా రాయండి. "అడ్డం పెట్టెయ్" అని రేడియోలో అరిచేది చాలాసార్లు పోలీసు పాత్రలో ఉన్నవాళ్లే. కాదని చెప్పడానికి మనవాడికి రూల్ అండ ఉండాలి.

సీన్‌లో ట్రక్కుని ట్రాఫిక్ వచ్చే వైపు, ప్రమాదానికి కాస్త దూరంలో, ఏటవాలుగా ఆపి అంబర్ (పసుపు హెచ్చరిక) లైట్లు వేయాలి. ట్రక్కుకీ ప్రమాదానికీ మధ్య ఖాళీలో ఎవరూ బండి పెట్టకూడదు. ఎవరైనా వెనక నుంచి గుద్దితే ట్రక్కు ముందుకి జరుగుతుంది, ఆ ఖాళీ ఉంటేనే అక్కడ పనిచేసేవాళ్లు బతుకుతారు.

కోన్లకి ఊహాగానాలు అక్కర్లేదు. అమెరికాలో రోడ్డు సంకేతాలకి ఎంయూటీసీడీ అనే మాన్యువల్ ఉంది. లేన్ మూసేటప్పుడు కోన్లని ఏటవాలు వరసగా పెడతారు కదా, ఆ వరస పొడవుకి అందులో లెక్క ఉంది. వేగం గంటకి 45 మైళ్లు, ఆపైన అయితే లేన్ వెడల్పుని అడుగుల్లో తీసుకుని వేగంతో గుణించాలి. 12 అడుగుల లేన్, 60 మైళ్ల వేగానికి 720 అడుగులు. 40, అంతకు తక్కువైతే వెడల్పుని వేగం వర్గంతో గుణించి 60తో భాగించాలి. అదే లేన్‌కి 30 మైళ్ల వేగంలో 180 అడుగులు చాలు. వరసలో కోన్ల మధ్య దూరం వేగం అంకెని మించకూడదు, అంటే ఇక్కడ 30 అడుగులకొకటి, మొత్తం 7 కోన్లు.

గేమ్‌లో రోడ్లు పొట్టివి, హైవే లెక్క పూర్తిగా పట్టదు. మూడో వంతుకి తగ్గించుకోండి, కానీ వేగం పెరిగేకొద్దీ వరస పొడవు పెరగాలన్నది వదలకండి. మీ మలుపు సమస్యకి మందు కూడా ఇదే: వరస మలుపుకి ముందు, తిన్నని రోడ్డు మీద మొదలవ్వాలి. తీసేటప్పుడు చివర పెట్టిన కోన్ ముందు తీయాలి. మొదటి కోన్ ముందే తీసేస్తే లోపల ఉన్నవాడికి రక్షణ పోతుంది.

టో_హుక్
పై అన్నతో ఒక్క చోట ఒప్పుకోను. ప్రవర్తనకి నాలుగు లైన్లు చాలవు, ముఖ్యంగా టో విషయంలో. గొడవలన్నీ అక్కడే పుడతాయి. ఎవరి మీదో కోపం ఉంటే వాళ్ల కారు ఎత్తుకుపోవడం సులువు. కారులో మనిషి ఉంటే ముట్టుకోకూడదు. సరిగ్గా పార్క్ చేసిన బండి జోలికి పోకూడదు. పోలీసు ఆదేశం, యజమాని కోరిక, దారికి అడ్డం, ఈ మూడే కారణాలు. హుక్ తగిలించే ముందు గొంతుతోనో చాట్‌లోనో చెప్పి కాసేపు ఆగాలి.

కోటా తీసేయండి. నిమిషాలు లెక్కపెడితే యార్డులో లైట్లు వేసి ట్రక్కు నిలిపేసి, కీబోర్డు వదిలి వెళ్లిపోతారు. దానికి బదులు సూపర్‌వైజర్ అప్పుడప్పుడు పక్క సీట్లో కూర్చుని పని చూడాలి. ఛేజ్‌లో దూరితే మొదటిసారి మళ్లీ ట్రైనింగ్, రెండోసారి డిపార్ట్‌మెంట్ నుంచి బయటికి. కావాలని బండితో గుద్దితే అది సర్వర్ స్టాఫ్ చూసుకుంటారు, మీరు శిక్ష వేయకండి.

ఛానల్_మూడు
రేడియో గురించి ఎవరూ అనలేదు. టెన్ కోడ్లు, అంటే "10-4" లాంటి అంకెల సంకేతాలు, ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో ఒక్కోలా ఉంటాయి. అమెరికాలో కూడా పలు శాఖలు కలిసి పనిచేసే ఘటనల్లో మామూలు భాషే వాడమని జాతీయ స్థాయి విధానం. "కుడి లేన్ మూశాను, టో కావాలి, పోలీసు ఇంకా రాలేదు" అంటే కొత్తవాడికీ అర్థమవుతుంది.

పసుపు_లైటు
చాలా థాంక్స్. కోటా తీసేస్తున్నాను. టో కారణాలు మూడూ యథాతథంగా పెడతాను. ఒక సందేహం: "పోలీసు అడిగినా అడ్డం పెట్టం" అన్నది మా పత్రంలో ఉంటే సరిపోతుందా?

రాత్రి_షిఫ్ట్
సరిపోదు. పోలీస్, షెరిఫ్, ఫైర్ హెడ్‌లకి ముందు చూపించండి. అదే వాక్యం వాళ్ల రూల్స్‌లో కూడా పెట్టించాకే మీది విడుదల చేయండి.