మా తొలి క్రైస్తవ జానపద రాక్ ఆల్బమ్: డప్పు రికార్డింగ్‌లో ఇబ్బంది

ప్రశ్న: వైజాగ్‌లో మా బ్యాండ్ మొదటి ఆల్బమ్ రికార్డ్ చేస్తున్నాం. డప్పు మోగితే గిటార్ వినపడట్లేదు. రెండో టేకుకే డప్పు శ్రుతి దిగిపోతోంది. ఏం చేయాలండీ?

జవాబు: సముద్రపు గాలిలో తేమకి తోలు వదులవుతుంది. టేకుకి ముందు సెగ చూపించాలి. స్టూడియోలో మంట కుదరదు కాబట్టి హెయిర్ డ్రయ్యర్ వాడండి. గాలి ఒకేచోట ఆపొద్దు, తోలు చిట్లుతుంది.

జవాబు: డప్పు, గిటార్ రెండూ ఒకే గదిలో వద్దండీ. ముందు క్లిక్ (హెడ్‌ఫోన్‌లో తాళం కోసం వినిపించే టిక్ టిక్) మీద డప్పు తీసుకోండి. డైనమిక్ మైకు (గట్టి శబ్దాన్ని తట్టుకునే రకం) అడుగు దూరంలో, కాస్త పక్కకి తిప్పి పెట్టండి. రికార్డింగ్ మీటరులో పీక్ (దెబ్బ పడ్డప్పటి గరిష్ఠ స్థాయి) మైనస్ 10 డీబీ దాటనీయొద్దు. మిక్సులో ఈక్యూతో (స్వరస్థాయిల్ని విడివిడిగా పెంచి తగ్గించేది) డప్పుకి 200–400 హెర్ట్జ్ దగ్గర 3 డీబీ తగ్గిస్తే గిటార్ పైకొస్తుంది. చర్చి హాలులా ఉండాలని రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) పోసేస్తారు చాలామంది, దరువు కాస్తా చెదిరిపోతుంది.

జవాబు: పాత కీర్తనలు పాడుతున్నారా? రచయిత పోయి 60 ఏళ్లు దాటితే సాహిత్యానికి హక్కుల గొడవ లేదు. బాణీ ఎవరిదో విడిగా చూసుకోండి.