ఉగాది వేడుకలో హైదరాబాద్ స్టాల్: సెలవులకు వెళ్లే కుటుంబాలకు ఏం చెబుదాం?

హైదరాబాద్ నుంచి, స్టాల్ సమాచారం రాస్తున్న వాలంటీర్

అందరికీ నమస్కారం. ఉగాది వేడుకలో హైదరాబాద్ స్టాల్ పెడదామని పోయిన మీటింగ్‌లో అనుకున్నాం కదా, దాని గురించే ఇది. అక్కడ న్యూజెర్సీలో హాలు, స్టేజీ, భోజనాల పనులతో మీకు ఊపిరాడటం లేదని తెలుసు. నేను ఇక్కడే ఉన్నాను కాబట్టి స్టాల్‌లో ఏం చెప్పాలో రాసిచ్చే పని నాకు వదిలేయండి.

ముందు నా అభిప్రాయం చెబుతాను. "హైదరాబాద్‌లో చూడదగ్గ ముప్పై ప్రదేశాలు" అని పెద్ద ఫ్లెక్సీ కొట్టించొద్దు. అలాంటి జాబితా ఎవరి ఫోన్‌లోనైనా దొరుకుతుంది. మనవాళ్లు బడులు మూశాక జూన్ ఆఖర్లో బయల్దేరతారు, జూలై అంతా ఇక్కడుంటారు. మొదటి వారం జెట్ లాగ్‌తో పోతుంది. తర్వాత చుట్టాల ఇళ్లు, ఆషాఢం సేల్ అని బట్టల షాపులు. ఇక మిగిలిన నాలుగు రోజుల్లో ఊరంతా చుట్టేయాలని తెల్లారే అందరినీ కారెక్కిస్తారు. మధ్యాహ్నానికి పిల్లలు ఏడుపు మొదలుపెడతారు, పెద్దవాళ్లు మోకాళ్లు పట్టుకుని కారులోనే కూర్చుంటారు. మన స్టాల్ చెప్పాల్సింది ఒకటే: రోజుకు ఒక్క చోటుకే వెళ్లండి. అది తాతయ్య నుంచి మనవరాలి దాకా అందరూ కలిసి గడపగలిగే చోటు కావాలి.

గోల్కొండ సంగతే తీసుకోండి. కొండ పైన బాలాహిసార్ మంటపం దాకా సుమారు 360 మెట్లు. పెద్దవాళ్లు ఎక్కలేరు, ఎక్కక్కర్లేదు కూడా. కోట లోపలికి వెళ్లే ద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపిస్తుంది. శత్రువు వస్తే పైవాళ్లకు తెలియడానికి ఆనాడు చేసుకున్న ఏర్పాటు అది. పిల్లల్ని అమ్మానాన్నలతో పైకి పంపి, నానమ్మా తాతయ్యా కిందే ఉండి చప్పట్లు కొట్టాలి. పైనుంచి ఫోన్ చేసి "వినపడింది, ఇంకోసారి కొట్టు తాతయ్యా" అని పిల్లలు అరుస్తారు. అప్పుడు కింద ఉన్నవాళ్లకు కూడా ఆటలో భాగం దొరుకుతుంది. దారిలో రామదాసు బందీఖానా ఉంది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా ఉంచిన చెర అదే. మన తెలుగు క్లాసులో రామదాసు కీర్తనలు నేర్చుకున్న పిల్లలు ఆ గదిలో నిలబడితే వాళ్ల మొహాలు చూడాలి. తొమ్మిదింటికల్లా లోపలికి వెళ్లిపోతే ఎండ ముదిరేలోపు దిగొచ్చేయొచ్చు. జూలైలో వానకు రాళ్లు జారతాయి, చెప్పులు వద్దు, బూట్లే వేసుకోవాలి.

చంటిపిల్లలుంటే మాత్రం గోల్కొండ వదిలేసి పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులకు, అంటే గోల్కొండను ఏలిన రాజుల సమాధులకు వెళ్లమంటాను. నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. సుమారు 106 ఎకరాల తోట, చెట్ల నీడ, పెద్ద పెద్ద గుమ్మటాలు, పిల్లలు పరిగెత్తడానికి కావలసినంత జాగా. ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు 2013లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి సున్నంతో, పాత పద్ధతిలోనే బాగు చేశారు. అక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. పదేళ్ల కింద చూసినవాళ్లు కూడా మళ్లీ వెళ్లి తీరాలి.

ఇక సాలార్‌జంగ్ మ్యూజియం. గదులన్నీ తిరగాలని పెట్టుకోవద్దు. మేలిముసుగు రెబెకా బొమ్మ, ఒక వైపు జర్మన్ కథలోని సైతాను మెఫిస్టోఫిలిస్, రెండో వైపు అదే కథలోని అమ్మాయి మార్గరెట్టా కనిపించే చెక్క బొమ్మ, గడియారం. ఈ మూడూ చాలు. గడియారం దగ్గరికి మాత్రం పన్నెండింటికి కాస్త ముందే చేరాలి. జనం వచ్చి ఎదురుగా కూర్చుంటారు. లోపల చిన్న కమ్మరి బొమ్మ సుత్తితో సెకండ్లు కొడుతూనే ఉంటుంది. గంట వేళకు తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికొస్తుంది, టైమ్ ఎంతైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు. హాలంతా కలిసి లెక్కపెడుతుంది. ట్యాబ్ చేతిలో లేకపోతే కాలు నిలవని పిల్లలు కూడా అక్కడ కదలకుండా కూర్చుంటారు.

స్టాల్‌లో పెద్ద అక్షరాలతో రాయాల్సినవి: సాలార్‌జంగ్, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం సెలవు. జూ సోమవారం సెలవు. చార్మినార్, గోల్కొండల్లో విదేశీయుల టికెట్ ధర చాలా ఎక్కువ, కానీ ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు భారత ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నవాళ్లకు భారతీయుల ధరే వర్తిస్తుంది. కాబట్టి కార్డు ఇంట్లో బీరువాలో పెట్టి రావద్దు. 15 ఏళ్లలోపు పిల్లలకు అక్కడ అసలు టికెట్టే లేదు.

పిల్లల కార్యక్రమాల బాధ్యుడు

అక్కా, చప్పట్ల సంగతి చాలా నచ్చింది, స్టాల్ ముందు నిలబడి పిల్లలకు అదే చెబుతాను. కానీ అన్నీ కోటలూ మ్యూజియాలే అయితే మా అయిదారేళ్ల పిల్లలు ఎంతసేపు ఉంటారు? తెలుగు క్లాసుకు ఉపయోగపడేది ఇంకేమైనా ఉంటే చెప్పండి. స్టాల్‌లో చేత్తో చేసే పని ఒకటి కూడా కావాలి, లేకపోతే పిల్లలు ఆగరు.

హైదరాబాద్ నుంచి

తమ్ముడూ, మంచి ప్రశ్న. చిన్నపిల్లలకు నా మొదటి ఓటు బిర్లా సైన్స్ మ్యూజియానికి. అక్కడ గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన అసలు డైనోసార్ ఎముకల గూడు నిలబెట్టి ఉంది. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. మన తెలుగు పల్లె పేరు పెట్టుకున్న డైనోసార్ ఉందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పక్కనే ప్లానెటేరియం, పైన తెల్లటి పాలరాతి బిర్లా మందిర్. సాయంత్రం గుడి మెట్ల మీద నుంచి హుస్సేన్ సాగర్ చూస్తూ కూర్చోవచ్చు.

జూ కూడా మంచిదే. 380 ఎకరాలు కాబట్టి నడవాలని చూడకుండా బ్యాటరీ బండి ఎక్కేయడం మేలు. టాయ్ ట్రైన్ ఉంది.

తెలుగు క్లాసుకైతే ట్యాంక్‌బండ్. వరసగా మన కవులు, మహానుభావుల విగ్రహాలు. వేమన, పోతన, మొల్ల, అన్నమయ్య, గురజాడ అందరూ ఉంటారు. ఏ పిల్లకు ఏ పద్యం వస్తుందో ఆ కవి విగ్రహం వెతికి, దాని ముందు నిలబడి పద్యం చెప్పి వీడియో పంపాలి. స్టాల్‌లో కవుల పేర్లతో కార్డులు చేసి పెట్టు, తలా ఒకటి తీసుకుంటారు. ఆ వీడియోలు దసరా కార్యక్రమంలో వేద్దాం. తర్వాత పడవలో బుద్ధుడి దగ్గరికి వెళ్లొచ్చు. ఒకే రాతిలో చెక్కిన ఆ విగ్రహం 1990లో తరలిస్తుండగా చెరువులో పడిపోయింది, రెండేళ్లు నీళ్లలోనే ఉండి 1992లో పైకి లేచి నిలబడింది. ఆ కథ పడవ ఎక్కే ముందు చెప్పాలి, దిగాక కాదు.

చేత్తో చేసే పనికి నా దగ్గర ఒక ఆలోచన ఉంది. ఒక రోజు ఊరు దాటి పోచంపల్లి వెళ్లమని చెబుదాం, గంటన్నర ప్రయాణం. అక్కడ ఇళ్లలోనే మగ్గాలుంటాయి. నూలుకు రంగు వేసే ముందే, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు సన్నటి ముక్కలతో గట్టిగా చుట్టేస్తారు. రంగులో ముంచి తీసి ఆ రబ్బరు విప్పితే కింద నూలు తెల్లగానే ఉంటుంది. అలా ముడి ముడికీ కట్టిన దారం మగ్గం మీదికి ఎక్కాక డిజైన్ దానంతటదే తేలుతుంది. కట్టేముందు దారాన్ని ఆసు పోయాలి. మేకుల చుట్టూ వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆ పనికి యంత్రం తయారు చేశారు, ఆమె పేరే దానికి పెట్టారు. పెద్ద చదువులు చదవని ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. స్టాల్‌లో తెల్ల దారం, రబ్బరు బ్యాండ్లు, రెండు గిన్నెల రంగునీళ్లు పెడితే పిల్లలే కట్టి ముంచి చూసుకుంటారు. జూలైలో ఇక్కడికొచ్చినప్పుడు అదే పని పెద్ద ఎత్తున కనిపిస్తుంది.

హాలు ఏర్పాట్ల బాధ్యులు

అమ్మా, తిరగడం సరే, ఉండటం సంగతేమిటి? ప్రతిసారీ బావమరిది ఇంట్లో ఏడుగురం దిగుతాం. వాళ్లు ప్రేమగానే చూస్తారు, కానీ వాళ్లకూ ఆఫీసులు, పిల్లల పరీక్షలు. మా అమ్మకు మెట్లు కుదరవు. ఏ పేటలో ఉంటే మంచిది?

హైదరాబాద్ నుంచి

బాబాయ్ గారూ, ఇది చాలామంది మనసులో ఉండి అడగలేని ప్రశ్న, మీరు అడిగినందుకు సంతోషం. చుట్టాల ఇంట్లో దిగండి, కానీ మధ్యలో మూడు నాలుగు రాత్రులు విడిగా రూము తీసుకోండి. వాళ్లకూ ఊపిరి దొరుకుతుంది, మీ కుటుంబమూ కాసేపు తనకు తానుగా ఉంటుంది. ఇందులో తప్పుగా అనుకోవాల్సింది ఏమీ లేదు.

పాతబస్తీ, మ్యూజియాలు చూడాలంటే ఆబిడ్స్, నాంపల్లి, లక్డీకాపూల్ వైపు ఉండాలి. మెట్రో దగ్గర, అన్నీ అరగంటలో. ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్ పాతకాలపు శాకాహార హోటల్, పొద్దున్నే కిందికి దిగితే టిఫిన్ సిద్ధం. కొండాపూర్, గచ్చిబౌలి వైపు సర్వీస్ అపార్టుమెంట్లు ఉంటాయి. వంటగది ఉంటుంది కాబట్టి పసిపిల్లలకు పాలు, పెరుగన్నం మీ చేతుల మీదే. బొటానికల్ గార్డెన్, శిల్పారామం పక్కనే. కానీ అక్కణ్ణుంచి చార్మినార్‌కు సాయంత్రం ట్రాఫిక్‌లో బయల్దేరితే పిల్లలు దారిలోనే నిద్రపోతారు. నాకైతే గోల్కొండ చూసే ముందు రోజు రాత్రి ఇబ్రహీంబాగ్‌లో పర్యాటక శాఖ వారి తారామతి బారాదరి హోటల్‌లో ఉండటం ఇష్టం. ఆర్భాటం ఉండదు, ఆవరణ విశాలంగా ఉంటుంది, కోట దగ్గర్లోనే. రామోజీ ఫిల్మ్ సిటీకి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాలనుకోకండి, లోపలే హోటళ్లు ఉన్నాయి, ఒక రాత్రి అక్కడే పడుకోండి.

ఎక్కడ బుక్ చేసినా ఫోన్ చేసి ఇవి అడగండి: లిఫ్టు ఉందా, రిసెప్షన్ దాకా ఎన్ని మెట్లు, వెస్టర్న్ టాయిలెట్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా, రెండు రూములకు మధ్యలో తలుపు ఉందా. ఫోటోల్లో ఇవేవీ కనపడవు. ఇక్కడి క్యాబుల్లో పిల్లల సీటు ఉండదు, తెచ్చుకోగలిగితే వెంట తెచ్చుకోవాలి.

భోజనాల కమిటీ

వదినా, బిర్యానీ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేంటి! మా ఇంట్లో సగం మంది శాకాహారులు, పిల్లలు కారం తినరు. వాళ్లకు ఏముంది? ఇంకోటి, జూలై అంటే బోనాలు కదా, అవి పిల్లలతో చూడొచ్చా?

హైదరాబాద్ నుంచి

బిర్యానీ ఊళ్లో ఎక్కడైనా బాగుంటుంది, దాని మీద వాదన మన హాల్లో ఉగాది అయ్యేదాకా సాగుతుంది. కుటుంబంతో కూర్చోవడానికి సికింద్రాబాద్ ప్యారడైజ్ సుఖం, పాతబస్తీ రుచి కావాలంటే షాదాబ్. ముందు రెండు రోజులు పిల్లలకు వేడి ఇడ్లీ, పెరుగన్నం, సీసా నీళ్లు మాత్రమే ఇవ్వండి, కడుపు కుదుటపడ్డాక మిగతావి. పొద్దుటి టిఫిన్‌కు మినర్వా, చట్నీస్ కారం తినని పిల్లలకు బాగుంటాయి. కూకట్‌పల్లిలో సుబ్బయ్య గారి హోటల్‌లో వడ్డన చూడాల్సిందే, కాకినాడ మర్యాద. ఒక కూర అయ్యేలోపు ఇంకోటి విస్తట్లో పడుతుంది. చార్మినార్ పక్కన నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ పొద్దున్నే అయితే రద్దీ తక్కువ. మోజంజాహీ మార్కెట్లో ఫేమస్ ఐస్‌క్రీమ్ సాయంత్రానికి. 1935 నాటి ఆ రాతి కట్టడం మధ్యలో కుర్చీలు వేసుకుని కూర్చుంటే పెద్దవాళ్లు గంటసేపు లేవరు.

తెలంగాణ తిండి మాత్రం హోటల్లో కన్నా ఎవరింట్లోనైనా తినమని నా మాట. సర్వపిండి చేయించుకోండి. బియ్యప్పిండి, శనగపప్పు, నువ్వులు, పల్లీలు కలిపి గిన్నె అడుగున చేత్తో వత్తి, వేలితో చిల్లులు పెట్టి వాటిలో నూనె వేస్తారు. అడుగు ఎర్రగా కాలి కరకరలాడుతుంది. చిల్లులు పెట్టే పని పిల్లలకిస్తే వాళ్లే తింటారు. సాయంత్రం రోడ్డు పక్కన ఆడవాళ్లు చేత్తో తట్టి కాల్చే జొన్నరొట్టెలు కూడా వదలొద్దు.

బోనాలు తప్పకుండా చూడాలి. ఆషాఢంలో గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళికి, తర్వాత లాల్ దర్వాజాకు వస్తాయి. పిల్లలతో ఆ పెద్ద గుళ్ల రద్దీలోకి వెళ్లొద్దు. మీరు దిగిన పేటలోనే అమ్మవారి గుడి ఉంటుంది, అక్కడ చూడండి. కొత్త కుండలో అన్నం, పెరుగు, బెల్లం, చుట్టూ వేపమండలు, పైన దీపం. ఆ బోనం తలమీద పెట్టుకున్న ఆడవాళ్లు మన పక్కనుంచే నడిచిపోతారు. అమ్మవారి తమ్ముడిగా కొరడా పట్టుకుని ఆడే పోతరాజును చూసి చిన్నపిల్లలు జడుసుకోవచ్చు, ముందే చెప్పి ఉంచాలి. ఆ నెల ఆది, గురువారాల్లో గోల్కొండ కోట పెట్టుకోవద్దు, జనం విపరీతం.

ఇక పనులు. తమ్ముడూ, కవుల కార్డులు, దారం, రబ్బరు బ్యాండ్లు నీవి. భోజనాల కమిటీ వాళ్లు స్టాల్ పక్కన సర్వపిండి ఒక్క పెనం పెట్టగలరేమో చూడండి, హాల్లో పొయ్యికి అనుమతి లేకపోతే ఇంట్లో చేసి తేవాలి. బాబాయ్ గారూ, రూము బుక్ చేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మీ చేతిరాతతో పెద్ద కాగితం మీద రాయండి, మీ వయసు వాళ్లు మీ మాటే వింటారు. సెలవు రోజులు, టికెట్ల సంగతి, పేటల మ్యాపు ఒకే పేజీలో సర్ది ఆదివారం లోపు పంపుతాను. రెండు వైపులా ప్రింట్ తీయించాలి. ఫోటోలు నెట్‌లోవి వద్దు, మీ ఇళ్లలో హైదరాబాద్‌లో తీసుకున్న పాతవి ఉంటే ఇక్కడే పెట్టండి.