సూపర్, యూరియా కలిపితే ఆ తడి ఎక్కడిది?

ప్రశ్న (రైతు, మండపేట దగ్గర):
సార్వా నాట్లకు ముందు మా ఊళ్లో కొందరు సింగిల్ సూపర్ ఫాస్ఫేటును, యూరియాను కొట్టంలో బరకం మీద కలిపి ఉంచారు. రెండూ పొడిగా ఉన్నవే, చినుకు కూడా పడలేదు; అయినా తెల్లవారేసరికి కుప్ప అడుగుభాగం జిగట ముద్దయింది. యూరియా గాలిలోని చెమ్మను పీల్చిందని పెద్దలంటున్నారు. వేడి చేయకుండా, నీరు పోయకుండా రెండు ఘనపదార్థాల మధ్య రసాయన చర్య జరుగుతుందా?

సమాధానం (రసాయన శాస్త్ర అధ్యాపకుడు, భీమవరం):
జరుగుతుందండి. సూపర్‌లోని మోనోకాల్షియం ఫాస్ఫేటు స్ఫటికంలో నీరు బందీగా ఉంటుంది. యూరియా రేణువు దానికి తగిలినచోట నాలుగు యూరియా అణువులు ఫాస్ఫేటుతో జతకట్టి, ఒక నీటి అణువును బయటకు నెడతాయి. ఆ నీటిలో మరికొంత యూరియా కరిగి పక్క రేణువులను తడుపుతుంది కనుక, మెల్లగా మొదలైన చర్య తర్వాత వేగం పుంజుకుంటుంది. సూపర్‌లోని జిప్సం కూడా ఇలాగే తన నీటిని వదులుతుంది. మన డెల్టా గాలిలోని తేమ పాత్ర లేదనను, కానీ మూలం అదొక్కటే కాదు. మిశ్రమాన్ని, విడి యూరియాను, విడి సూపర్‌ను మూడు పొడి గాజు సీసాల్లో మూత బిగించి ఉంచండి. మిశ్రమం ఒక్కటే తడిస్తే ఆ నీరు లోపలిదేనని తేలుతుంది.

సమాధానం (బీఎస్సీ విద్యార్థిని, అమలాపురం):
తెల్లని లెడ్ నైట్రేటును, తెల్లని పొటాషియం అయొడైడును కలిపి నూరితే చూస్తుండగానే పసుపు రంగు వస్తుంది. సీసం విషం కాబట్టి దీన్ని ఇంట్లో చేయకూడదు. 1820లోనే మైకేల్ ఫారడే సిల్వర్ క్లోరైడును జింకుతో కల్వంలో నూరి వెండిని రాబట్టారు. ఘనంలో అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) సులభంగా కదలలేవు, పైగా కొత్తగా ఏర్పడిన పదార్థమే రెండింటి మధ్య పొరలా అడ్డుపడుతుంది; నూరినప్పుడు ఆ పొర చెదిరి కొత్త తలాలు కలుసుకుంటాయి.

ప్రశ్నించిన రైతు:
ఆ ముద్దలో సారం పోయినట్టేనా?

సమాధానం (అధ్యాపకుడు):
పోలేదండి, నత్రజని, భాస్వరం రెండూ అందులోనే ఉన్నాయి. చేలో సమంగా చల్లడమే కష్టం. నిజంగా నష్టం జరిగేది అమ్మోనియం సల్ఫేటులో సున్నం కలిపినప్పుడు: ఘాటైన వాసనతో నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. సూపర్‌ను ఆఖరి దమ్ములో వేసి, యూరియాను పిలకల దశ నుంచి దఫాలుగా చల్లుకుంటే ఈ రెండింటినీ కలపవలసిన అవసరమే రాదు.